పిల్లని నలుగురిలో అడిగిన ముంగిస

ఏటి అవతల మద్దిచెట్ల కింద తాబేలు మేష్టారు లాయర్ల బడి పెట్టింది. పిల్లల తరఫున, ఇంటి తగాదాల్లో ఎట్లా మాట్లాడాలో నేర్పే బడి. నేర్చుకోడానికి నిజం పిల్లలు దొరకరు కదా, అందుకని ఒక మోడుని చూపించి, ఇదే పిల్లనుకుని వాదించమనేది. అందరిలోకీ ముంగిస తాయారు బాగా వాదించేది. మోడు ఏడవదు, బెదరదు. తాయారుకి అది భలే కుదిరింది.

మొదటి కేసు జింకమ్మది. ఉచ్చులో కాలు విరిగి పొదలో పడుంటే, నక్క వచ్చి "పిల్లని నేను చూసుకుంటాలే అక్కా" అని తీసుకుపోయింది. ఇప్పుడు కాలు అతుక్కుంది. నక్క మాత్రం పిల్లని ఇవ్వనంటోంది.

"నా బిడ్డని బాగా మేపుతోంది తాయారూ. ఎందుకు మేపుతోందో నీకు తెలీదా?" అని ఏడ్చింది జింక.

"ఊరుకో పిన్నీ. నేనున్నాగా."

"ముందెళ్ళి ఆ పిల్ల పక్కన కాసేపు కూచోవే," అంది మేష్టారు.

"కూచుని ఏం చెయ్యాలి మేష్టారూ? ఎప్పుడడిగినా అమ్మే కావాలంటుందిగా!" అని తాయారు మళ్ళీ మోడు దగ్గరికే పోయింది.

పంచాయితీకి పెద్ద ఏనుగు. తాయారు మాట్లాడుతుంటే కోతులు ఈలలేశాయి. నక్క తల వంచుకుని, "ఇంత వాదనెందుకు లాయరమ్మా? పిల్లనే అడుగు. అది ఎట్లంటే అట్లే," అంది.

దొరికిపోయింది నక్క, అనుకుంది తాయారు. "ఏమ్మా బుజ్జీ, ఎవరి దగ్గరుంటావు?"

పిల్ల తల్లిని చూసింది. తల్లి వెనకాలే నిలబడ్డ నక్కని చూసింది.

"నక్క మామ దగ్గర."

"పిల్ల నోటితోనే చెప్పింది. ఇంకేముంది?" అని ఏనుగు లేచింది.

"నీ మేలు మర్చిపోను లాయరమ్మా," అంది నక్క. "ఇదే మాట నేనడిగుంటే ఎవరు నమ్మేవాళ్ళు?"

పోతూ పోతూ పిల్ల తాయారు చెవిలో అడిగింది: "బాగానే చెప్పానా అక్కా? అమ్మ కావాలంటే అమ్మ ఇంకో కాలు కొరికేస్తానన్నాడు. ఇంక కొరకడుగా?"

తాయారు ఏనుగు వెంట పరిగెత్తింది. "పెద్దయ్యా! పిల్లని బెదిరించాడు పెద్దయ్యా!"

"నలుగురిలో అడిగింది నువ్వేగా? మళ్ళీ పంచాయితీ వానలకే. అప్పుడు రా," అని ఏనుగు ఏట్లోకి దిగిపోయింది.

జింకమ్మ అట్లాగే పిల్ల పోయిన దారినే చూస్తా నిలబడింది. వానలకి ఇంకా నాలుగు నెలలుంది.

నీతి: బెదిరించేవాడి ఎదుట పిల్లని అడిగితే, వినపడేది వాడి మాటే.