మేకులమ్మ వారు వెలసిన ఇసుకదిబ్బ

సముద్రానికి ఎదురుగా, మొగలి పొదల నడుమ కొలువైన శ్రీ మేకులమ్మ వారిని దర్శించే భక్తులకు ముందుగా కనిపించేవి అమ్మవారి పాదాల చెంత ఉన్న తుప్పుపట్టిన ఇనుప మేకులు. పసుపూ పూలూ వాటికే ఎక్కువ. ఈ తీరంలో నేటికీ పడవ పలకలను కొబ్బరితాడుతో కుడతారే గాని మేకు కొట్టరు. మరి అమ్మవారికి ఆ పేరెందుకని అడగని యాత్రికుడు లేడు.

పూర్వం ఇక్కడ పడవలు కుట్టే దాలయ్యే అమ్మవారికి పూజారి. ఆ కాలంలో అరబ్బు వర్తకుల ఓడ ఒకటి పగిలి, హాల్వర్ అనే ఎర్రగడ్డపు మనిషి ఒడ్డుకు కొట్టుకువచ్చాడు. అతడు వైకింగు. ఉత్తరాన మంచు సముద్రాల నుండి నదుల వెంట, ఎడారుల మీదుగా బాగ్దాదు చేరి, అక్కడ ఓడెక్కినవాడు. ఆ తెగువకు చేతులెత్తి మొక్కాలి. ఇల్లు చేరాలని అతడు పలక మీద పలక అంచు ఎక్కించి, మేకులు దిగగొట్టి ఒక పడవ కట్టుకున్నాడు. పడవకు ఇనుము తగిలితే అమ్మవారు ఆగ్రహిస్తుందని దాలయ్య దానిని నీటిలో దించనివ్వలేదు. పట్టిన పట్టు విడవకపోవడంలో మా ఊరివారు నేటికీ అంతే.

ఇంతలో తుపాను వచ్చింది. ఒడ్డున ఉన్న కుట్టుపడవలన్నీ విచ్చిపోయాయి. వేటకు వెళ్లిన దాలయ్య కొడుకు పోలయ్య, తోటివారితో కలిసి నడిసముద్రపు ఇసుకమెరకపై చిక్కుకున్నాడు. నీరు పెరుగుతోంది. మిగిలింది మేకుల పడవ ఒక్కటే. గుడి గడపపై ఏడ్చి సొమ్మసిల్లిన దాలయ్యకు అమ్మవారు కలలో కనిపించి, "ఇనుమంటే నాకు పగని నీకెవుడు సెప్పాడ్రా? మడుసుల్ని ఒడ్డుకి సేర్సే పడవేదైనా నాదే!" అని గద్దించింది.

దాలయ్య పరుగున వెళ్లి హాల్వర్ చేతులు పట్టుకున్నాడు. "బాబూ, తప్పయిపోనాది. పడవ దించు, నానూ ఎక్కుతాను" అన్నాడు. ఆ పడవ అలలకు వంగిందే గాని విరగలేదు. పోలయ్యతో సహా అందరూ ప్రాణాలతో ఒడ్డెక్కారు.

హాల్వర్ ఆ పడవను అమ్మవారికి సమర్పించగా, ఊరివారు అతడిని మరో ఓడలో సాగనంపారు. క్రమంగా ఇసుక ఆ మేకుల పడవను కప్పేసింది, మేకులమ్మ అన్న పేరు మాత్రం అమ్మవారికి మిగిలింది. ఇటీవల పండితులు దిబ్బను తవ్వినప్పుడు, చెక్క మట్టిలో కలిసిపోయినా మేకులు వరుస తప్పకుండా పడవ ఆకారంలోనే దొరికాయి; నేడు అమ్మవారి పాదాల చెంత ఉన్నవి వాటిలోనివే. ఉత్తర దేశాల సమాధులలో బయటపడిన వైకింగు పడవల మేకులూ ఇలాగే ఉంటాయని వారు చెప్పగా, మా పెద్దలు కళ్లు తుడుచుకున్నారు.

నేటికీ ఇక్కడ కొత్త పడవను నీటిలో దించేటప్పుడు సొంతదారు ముందు ఎక్కడు. ఊరికి కొత్తవారిని, కులమేదో దేశమేదో అడగకుండా, చేయి పట్టి మొదట ఎక్కిస్తారు. అలా దిగిన పడవ వేటకు వెళ్లినవారిని ఇంటికి చేర్చి తీరుతుందని నమ్మకం. ఆ రోజున మీరు దర్శనానికి విచ్చేస్తే, పడవలో తొలి చోటు మీదే.