ఏరు దాటిన గొంతు

అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పడం చయనులుగారికి అలవాటు లేదు. ఆ సంగతి తెలిసి కూడా జమీందారుగారి దివాణానికి వెళ్ళే దారిలో శిష్యుడు అచ్యుతం అడగనే అడిగాడు. "గురువుగారూ, వాక్యాన్ని తప్పుగా పట్టానని చివరికొచ్చాక గాని నాకు తెలియడం లేదు. ముందే తెలుసుకునేదెలా?"

పాపం, అడగక ఏం చేస్తాడు? ఆ దివాణంలో ఒక ఆనవాయితీ ఉంది. ఎన్నడూ చూడని తాటాకు చేతికిచ్చి, నిండు సభలో అక్కడికక్కడే పైకి చదవమంటారు. ఆకు మీద మాటకూ మాటకూ నడుమ ఎడం ఉండదు, వాక్యం ఎక్కడ ముగుస్తుందో చెప్పే గుర్తూ ఉండదు. పోయినేడు అచ్యుతం "కోట కూలెను, రాజు కూలెను" అన్నచోట గొంతు గద్గదం చేసుకుని సభ చేత కంటతడి పెట్టించాడు. తీరా ఆ వెనక "అని శత్రువులు పుకారు పుట్టించిరి" అని ఉంది. సభంతా గొల్లున నవ్వింది. ఈసారీ తప్పితే పురాణం చదివే పీట ఇంకొకరికి పోతుంది. చిన్నప్పటినుంచీ ఆ పీట కోసమే బతికినవాడికి ఇంతకన్నా దిగులేముంటుంది?

చయనులుగారు విననట్టే నడిచారు. దారిలో ఏరు అడ్డం వచ్చింది. వానకి నీళ్ళు బురదెక్కి అడుగు కనబడటం లేదు. అచ్యుతం రాయే అనుకుని ఒళ్ళంతా మోపి అడుగేశాడు. అది ఉత్త నాచు. నడుం దాకా మునిగాడు. గురువుగారు నింపాదిగా దిగారు. ముందు కాలు చాచి తడుముతారు, నేల గట్టిదని తేలాకే వెనక కాలు లేపుతారు. ఆయన కాలూ ఆ నాచు మీదే పడింది. మెల్లగా వెనక్కి తీసి పక్కన పెట్టుకుని గట్టెక్కారు.

"నేనూ తప్పుచోటే పెట్టానురా కాలు. బరువు మాత్రం పెట్టలేదు," అన్నారు.

అచ్యుతం తడిపంచెతోనే సభలో కూర్చున్నాడు. పోయినేడు నవ్వినవాళ్ళంతా ఎదురుగానే ఉన్నారు. ఆకు అందుకుని ఎత్తుకున్నాడు: "పసివాడు పాముకాటున నేలకొరిగెను, తల్లి గుండెలు బాదుకొనెను." ఏడుపు గొంతు దాకా వచ్చింది. రానిచ్చాడు గాని వదల్లేదు. గొంతు తగ్గించి, బిగబట్టి ముందుకు కదిలాడు: "అనెడి పాడుకల చెదరి మేలుకొనగా, బిడ్డ ఉయ్యాలలో నవ్వుచుండెను." ఆ నవ్వు దగ్గర బిగబట్టిన గొంతంతా ఒక్కసారి విప్పేశాడు. సభ మారుమోగింది. ముందు వరసలో ఒక ముసలావిడ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. జమీందారుగారు లేచి, తమ చేత్తో పీట జరిపి అచ్యుతాన్ని దాని మీద కూర్చోబెట్టారు.

పీట దిగివచ్చి గురువుగారి కాళ్ళకు మొక్కాడు. చయనులుగారు అతని పంచె కొస పట్టుకుని పిండారు. నాలుగు చుక్కలు రాలాయి.

"పంచె ఇంకా ఆరనేలేదు గాని, ఏరు బాగా దాటావురా," అన్నారు.