మాటల్లేని నాలుగు పేజీలు

నిడుమోలు రామలక్ష్మయ్య మాస్టారికి అడిగిన ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పే అలవాటు లేదు. కాకినాడ కాలేజీలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఎవరైనా ఇంటికొచ్చి సందేహం అడిగితే ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ పని అయ్యేసరికి వచ్చినవాడికి తన ప్రశ్న మీదున్న ధీమా సగం పోయేది. ఇదంతా తెలిసి కూడా శిష్యుడు భానుమూర్తి ఒక బుధవారం పొద్దున్నే ఆయన వసారాలో వచ్చి కూర్చున్నాడంటే, అవసరం అలాంటిది.

భానుమూర్తి ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో పుస్తక సమీక్షలు రాస్తాడు. రమీజా అనే అమ్మాయి రాసి, బొమ్మలు కూడా తనే గీసుకున్న 'క్రేన్ వీరయ్య' మొదటి భాగం అతని దగ్గరికి సమీక్షకు వచ్చింది. రేవులో క్రేన్ నడిపే వీరయ్య మీద పిడుగు పడి అతనికి వందమంది బలం వస్తుంది. మునిగిపోయే పడవల్ని ఒంటిచేత్తో ఒడ్డుకు లాగుతుంటాడు. ఆ పుస్తకం మీద పాఠకుల ఉత్తరాలు పత్రికాఫీసులో అప్పటికే కుప్పపడ్డాయి. కాలేజీ కుర్రకారు నెత్తిన పెట్టుకున్నారు. పెద్దవాళ్లు పిల్లకాయల సరుకని పెదవి విరిచారు. రిటైరైన తాసీల్దారు ఒకాయన, ఈ హీరోలు ప్యాంటు మీద చెడ్డీ తొడుక్కోవడం మానేదాకా ఇలాంటి పుస్తకాన్ని తన గడప తొక్కనిచ్చేది లేదని మూడు పేజీలు రాశాడు. వీరయ్య కట్టుకునేది లుంగీ అని ఆయన చూసుకున్నట్టు లేదు.

భానుమూర్తి పెద్దల పక్షాన చేరి సమీక్ష రాసేశాడు. మధ్యాహ్నంలోగా అది పత్రికకు అందాలి. చిక్కల్లా రమీజా రాసిన ఉత్తరంతో వచ్చింది. మీ సమీక్ష ఎలా ఉంటుందో చూశాకే రెండో భాగం అచ్చు వెయ్యాలో మానాలో తేల్చుకుంటామని ప్రచురణకర్తలు అన్నారట. బతిమాలలేదు, సంగతి చెప్పిందంతే. అది చదివిన దగ్గర్నుంచి అతనికి అన్నం సయించడం లేదు. మాస్టారి నోట ఒక్క మాట అనిపించుకుంటే పాపంలో ఆయనకూ వాటా ఉంటుందని అతని ఆశ.

"మాస్టారూ, ఈ సూపర్ హీరోల బొమ్మల పుస్తకాల్ని సాహిత్యం అనొచ్చా? పాఠకులు తలో మాట అంటున్నారు."

మాస్టారు వసారా చివరికి చూశారు. అక్కడ సత్తిరాజు అడుగు ఊడిన కుర్చీ ముందేసుకుని కొత్త పేము అల్లుతున్నాడు. పుట్టుకతోనే చూపు లేని మనిషి. ఆ పేటలో పేము కుర్చీ అంటూ ఉంటే అది ఎప్పుడో ఒకప్పుడు అతని చేతిలో పడాల్సిందే.

"సత్తిరాజుకి కాస్త పొద్దుపోవాలి. ఆ పుస్తకం చదివి వినిపించు," అన్నారు మాస్టారు.

భానుమూర్తికి ఒళ్లు మండింది. కానీ గురువు మాటాయె. బొమ్మల్లోని బుడగల్లో ఉన్న మాటలన్నీ గడగడా చదవడం మొదలుపెట్టాడు. సత్తిరాజు ఊరుకోలేదు. కొట్టిందెవరండీ, తగిలిందెవరికండీ, పడవలో ఎంతమందున్నారండీ అని అడుగడుగునా అడ్డం పడ్డాడు. ప్రతిదానికీ బొమ్మ చూసి చెప్పాల్సి వచ్చింది. ఇంట్లో ఇరవై నిమిషాల్లో ముగించిన పుస్తకం ఇక్కడ గంట దాటినా సగానికి రాలేదు.

నలభై ఒకటో పేజీ వచ్చింది. "ఇక్కడ నాలుగు పేజీలు ఏమీ లేదు," అని తిప్పబోయాడు భానుమూర్తి. సమీక్షలోనూ అదే రాశాడు: ఈ నాలుగు పేజీల్లో రచయిత్రికి చెప్పడానికి ఏమీ దొరక్క కాగితం దండగ చేశారని.

"ఏమీ లేదంటే, తెల్లకాయితాలాండీ?"

"బొమ్మలున్నాయి. మాటల్లేవు."

"బొమ్మల్లో వీరయ్య ఏం చేత్తన్నాడండీ?"

"ఇంటికొచ్చాడు. తలుపు తీయబోతే గొళ్లెం ఊడి చేతిలోకొచ్చింది. నీళ్లు తాగబోతే స్టీలు గ్లాసు నలిగిపోయింది. లోపల చీర ఉయ్యాల్లో పసిపిల్ల ఉంది. ఉయ్యాలకి బారెడు దూరంలో కింద కూర్చున్నాడు."

"చేతులెక్కడ పెట్టుకున్నాడండీ?"

భానుమూర్తి పుస్తకాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. వీరయ్య చేతులు కనబడలేదు. రెండు చేతుల్నీ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. పక్క బొమ్మలో ఉయ్యాల కొంచెం అవతలికి జరిగింది. ఆ తర్వాతి బొమ్మలో ఇవతలికి వచ్చింది.

"ఊదుతున్నాడు," అన్నాడు నెమ్మదిగా. "పిల్లని ముట్టుకోవడానికి భయపడి, నోటితో ఊది ఉయ్యాల ఊపుతున్నాడు."

సత్తిరాజు అల్లిక ఆపేశాడు. "ఆయ్. మా అమ్మాయి పుట్టినప్పుడు నేనూ అంతేనండి. పేము గీరి గీరి నా చేతులు ముళ్లకంపల్లా ఉండేవి. చంటిదాని ఒళ్లు గీరుకుపోద్దని నెల్లాళ్లు ఎత్తుకోలేదు. ఆఖరికి మా ఆడది తిట్టి చేతుల్లో పెట్టింది." మళ్లీ పేము అందుకుంటూ అడిగాడు. "ఈయన ఎత్తుకున్నాడాండీ మరి?"

భానుమూర్తి మిగతా పేజీలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. "ఇందులో లేదు. రెండో భాగంలో ఉండాలి."

"అదెప్పుడొత్తాదండీ?"

సిగ్గుతో భానుమూర్తి మొహం కందిపోయింది. జేబులోంచి సమీక్ష తీసి, ఆ నాలుగు పేజీల మీద రాసిన వాక్యం కొట్టేశాడు. అది పోయాక పై వాక్యం అబద్ధమైంది, దాన్నీ కొట్టేశాడు. అలా కొట్టుకుంటూ పోగా ఆఖరికి పుస్తకం పేరు, వెల తప్ప ఏమీ మిగల్లేదు. ఈ ఆదివారానికి వేరే ఏదైనా వేసుకోండని పత్రికకు ఫోన్ చేసి చెప్పి, మళ్లీ మాస్టారి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అయితే ఇది సాహిత్యమేనంటారా, మాస్టారూ?"

"నాకేం తెలుసయ్యా, నేనింకా చదవలేదు," అన్నారు మాస్టారు. "నువ్వూ ఇవాళేగా మొదలుపెట్టావు."