పన్నెండు కాకుండానే మోగిన గంట

బ్రదర్ ఇన్నారెడ్డికి ఆ ఊళ్ళో అన్నీ నచ్చాయి, గుడిగంట తప్ప.

ఫాదర్ కావటానికి సెమినరీలో గురువిద్య చదివేవాళ్ళని మధ్యలో ఒక ఏడాది ఏదో ఒక విచారణకు, అంటే ఒక చర్చి కింద ఉండే ఊళ్ళకు, పంపుతారు. ముసలి గురువు దగ్గర ఉండి, జనంలో తిరిగి, పని నేర్చుకు రమ్మని. అలా వచ్చినవాడు ఇన్నారెడ్డి. జపతపాల్లో గట్టివాడు. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి మోకాళ్ళూనేవాడు. దేనికీ నిమిషం ఆలస్యం ఎరగడు.

విచారణ గురువు ఫాదర్ బాలశౌరి డెబ్బై దాటిన మనిషి. మాట తక్కువ. రోజుకు మూడుసార్లు త్రికాల జపానికి గంట ఆయనే కొట్టేవాడు. పొద్దుటి గంట ఆరింటికి, సాయంత్రం గంట ఆరింటికి. మధ్యాహ్నం గంట మాత్రం ఆయన ఇష్టం.

ఇన్నారెడ్డి వారం రోజులపాటు ఫోనులో టైము చూస్తూ కనిపెట్టాడు. సోమవారం పదకొండూ నలభై. మంగళవారం పావుతక్కువ పన్నెండు. బుధ, గురువారాలు మళ్ళీ నలభై. మబ్బు పట్టిన శుక్రవారం మాత్రం సరిగ్గా పన్నెండు.

ఇక ఉండబట్టలేక అడిగేశాడు. "ఫాదర్, మధ్యాహ్నం గంట ముందే కొడుతున్నారు."

"ఊఁ."

"గుడి గడియారం తప్పు చూపిస్తోందా?"

"గడియారం బాగానే ఉంది."

"మరి పన్నెండు కాకుండానే పన్నెండింటి గంట కొడితే, గుడి అబద్ధం చెప్పినట్టు కాదా ఫాదర్?"

ముసలాయన తలుపు పక్కన వేలాడుతున్న గంటతాడు చూపించాడు. "సోమవారం నించి నువ్వు కొట్టు."

అవి ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే తపస్కాలం రోజులు. మార్చి ఎండ. ఊరి చుట్టూ మిరప కోతలు. ఇన్నారెడ్డి సోమవారం నించి శుక్రవారం దాకా ఐదు రోజులూ పన్నెండింటికే గంట కొట్టాడు. ఒక్క నిమిషం ఇటు లేదు, అటు లేదు. కొట్టిన ప్రతిసారీ మనసు తేలికపడింది.

శుక్రవారం సాయంత్రం గుళ్ళో సిలువమార్గం ప్రార్థన ముగిశాక ఆడవాళ్ళు గుడిమెట్ల మీద ఆగారు. కోతల ముఠాలో శౌరమ్మ అందరికంటే పెద్దది. నోరూ పెద్దదే.

"ఏం ఫాదరుగారూ, మన గంటకి గానీ కాళ్ళనొప్పులొచ్చినయ్యా? ఈ వారం మా చేలదాకా నడిచి రాలేకపోతంది."

"ముసలిచెయ్యి లాగితే పరిగెత్తుకొచ్చేదత్తా. పడుచుచెయ్యి పడగానే సిగ్గుపడతంది," అంది వెనకనించి ఇంకొకతె. అందరూ నవ్వారు.

ఇన్నారెడ్డి చెవులు ఎర్రబడ్డాయి. "సరిగ్గా పన్నెండింటికే కొడుతున్నానమ్మా."

"మీరు సరిగ్గానే కొడుతున్నారయ్యా. మా లూర్దమ్మకే సరిగ్గా నిలబట్టం చాతకాలేదు. నిన్న సాలు మధ్యలో కళ్ళు తిరిగి కూలబడింది. ఏడో నెల దానికి." శౌరమ్మ ఇప్పుడు నవ్వటం లేదు. "గంట మోగకుండా సాలు వదిలితే ఆసామి రేపట్నించి రావద్దంటాడు. ఏం చేస్తది మరి?"

ఆ ఊళ్ళో అది పాతకాలపు కట్టు. గుడిగంట మోగితేనే కోతవాళ్ళు సాలు వదిలి కూటికి కూర్చోవాలి. ఎండ వాలాక మళ్ళీ దిగాలి. ఆ కట్టు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. వంగి కోసేవాళ్ళు మాత్రం పెట్టుకోలేదు.

ఆడవాళ్ళు వెళ్ళిపోయారు. ఇన్నారెడ్డి గురువు దగ్గరకు వచ్చాడు.

"లూర్దమ్మ సంగతి నాకూ బాధగానే ఉంది ఫాదర్. కానీ అది దేవదూత మరియతల్లికి మంగళవార్త చెప్పిన గుర్తుగా కొట్టే గంట. వీళ్ళు దాన్ని కూటిగంట చేసుకున్నారు. ప్రార్థన వేరు, కూడు వేరు కదా?"

ఫాదర్ బాలశౌరి కాలితో తడుముతూ చెప్పులు వెతుక్కుంటున్నాడు. అవి దొరికాయి. తొడుక్కుని లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున పూజ అయీ అవగానే శిష్యుణ్ణి పిలిచాడు.

"లూర్దమ్మని కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండమన్నాను. ఆమె సాలు ఖాళీగా ఉంటే ఆసామి ఇంకొకర్ని పెట్టుకుంటాడు. నువ్వెళ్ళి అందుకో."

"నేనా ఫాదర్?"

"ఫోను ఇక్కడ పెట్టి వెళ్ళు. గంట నేను చూసుకుంటాను."

ఇన్నారెడ్డివాళ్ళది పదెకరాల ఇల్లు. మిరపచేను అతనికి కొత్తేమీ కాదు. గట్టు మీద నిలబడి చూడటం చిన్నప్పటినించీ అలవాటే.

మొదట్లో బాగానే సాగింది. మనసులో జపమాల చెప్పుకుంటూ కోశాడు. మాలలోని ఐదు దేవరహస్యాల్లో రెండోదాని దగ్గర నడుం పట్టేసింది. మూడో దాని దగ్గర చెమట కళ్ళలోకి దిగింది. చేత్తో తుడుచుకున్నాడు. ఆ తర్వాత జపం ఎక్కడ ఆగిందో అతనికే తెలియదు.

"అయ్యయ్యో, మిరపచేత్తో కళ్ళు తుడుచుకుంటారా ఎవరైనా! మీ సెమినరీలో ఈ పాఠం చెప్పలేదా బ్రదరుగారూ?" శౌరమ్మ కొంగు తడిపి అతని కళ్ళకు అద్దింది. "కానీండి, కానీండి. ఎనకబడితే మేస్త్రి ఊరుకోడు."

మేస్త్రి హనుమయ్య సాలు చివర నిలబడి ఉన్నాడు. నెత్తిన తువ్వాలు, చేతికి వాచీ.

"టైమెంతయింది మేస్త్రిగారూ?"

"మాకు టైము గుళ్ళో ఉంటదండీ," అన్నాడు హనుమయ్య, వాచీ వంక చూడకుండానే.

ఇన్నారెడ్డి మళ్ళీ వంగాడు. వేళ్ళు మండుతున్నాయి. మెడ మీద ఎవరో పెనం పెట్టినట్టుంది. చెట్లమీదుగా గుడి శిఖరం తెల్లగా కనపడుతూనే ఉంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇన్నేళ్ళలో అతను దేవుణ్ణి చాలా అడిగాడు. వినయం అడిగాడు, పరిశుద్ధత అడిగాడు, మంచి గురువునయ్యే వరం అడిగాడు. ఏదీ ఇంతగా బతిమాలుకుని అడగలేదు.

గంట మోగింది.

వంగిన నడుములన్నీ ఒక్కసారి లేచాయి. ఒళ్ళోని కాయలు ఒళ్ళోనే ఉన్నాయి. శౌరమ్మ కళ్ళు మూసుకుని మంగళవార్త జపం ఎత్తుకుంది, మిగతావాళ్ళు అందుకున్నారు. గుడిముఖం చూడని ఇద్దరు ఆడవాళ్ళు కూడా కొంగు తలమీదికి లాక్కుని నిలబడ్డారు. హనుమయ్య వాచీ వంక ఒకసారి చూశాడు. చొక్కాచెయ్యి దానిమీదికి లాగాడు. నెత్తి మీది తువ్వాలు తీశాడు.

ఇన్నారెడ్డి నోరు తెరిచాడు. మాట వచ్చిన నాటినించీ రోజూ చెప్పిన జపమే. ఇవాళ మాత్రం వాళ్ళు చెబుతుంటే విన్నాడు.

సాయంత్రం అతను గుడికి వచ్చేసరికి ఫాదర్ బాలశౌరి వసారాలో ఒక గిన్నెనిండా చల్లటి మజ్జిగతో కూర్చుని ఉన్నాడు. ఏమీ అడగకుండా గిన్నె ముందుకు జరిపాడు. ఇన్నారెడ్డి కింద కూర్చుని రెండు చేతులూ మణికట్టుదాకా అందులో ముంచాడు. మిరప మంట కాస్త దిగింది.

"ఇవాళ గంట ఎన్నింటికి కొట్టారు ఫాదర్?"

"పదకొండున్నరకి." ముసలాయన శిష్యుడి ఎర్రబడ్డ కళ్ళలోకి చూశాడు. "ఏం, మరీ ముందు కొట్టానా?"

ఇన్నారెడ్డి చేతులు మజ్జిగలోనే ఉంచి తల వంచుకున్నాడు.

"ఆలస్యమైంది ఫాదర్," అన్నాడు.