వేళ్లకంటిన మరువం

దగ్గరగా జరగండి తల్లీ, వెనకవాళ్లకీ వినపడాలి. వీరభూపతి మహారాజుకి ఒకనాడు తోటపని మీద మనసైంది. వేణుగోపాలస్వామి గుడికి వెళ్లే దారికి ఇరుపక్కలా తన చేత్తోనే మరువం కొమ్మలు నాటాడు. స్వామి దయ, అన్నీ బతికాయి. ఇక ఆయన ఆనందం చూడాలి!

ఉద్యానాధికారి శేషాద్రి భట్టు సందు చూసుకున్నాడు.

"ప్రభువుల చెయ్యి తగిలిన మొక్కలు! ఆకు తుంచడం కూడా అపచారమే."

రాజు పొంగిపోయాడు. "తుంచినవాళ్లు ఊరు విడిచి పోవలసిందే!"

తోటమాలి బుచ్చెమ్మ ముందుకొచ్చింది. ముప్పై ఏళ్లుగా ఆమెకి ఇల్లూ వాకిలీ ఆ తోటే.

"మహాప్రభో, మరువానికి చివుళ్లు తుంచుతూ ఉండాలి. లేకపోతే పొడుగ్గా సాగి, కింద పుల్లలు తేలుతుంది."

"నాటింది ప్రభువులా, నువ్వా?" అన్నాడు భట్టు.

"చిత్తం," అని నీళ్లకడవ ఎత్తుకుంది బుచ్చెమ్మ.

రెండు నెలలు గడిచాయి. మరువం పరుపులా గుబురుగా పెరిగింది. ఒక ఉదయం, అందరూ స్వామి దర్శనం చేసుకుని సభకి రాగానే భట్టు లేచాడు.

"ప్రభూ, తుంచకపోతే పుల్లలు తేలుతుందని ఈమే అంది. తేలలేదు. అంటే చాటుగా తుంచుతోంది. ఆమె మాటే సాక్ష్యం!"

రాజు ముఖం ముడుచుకుంది. "ఏమంటావు బుచ్చెమ్మా?"

బుచ్చెమ్మ రెండు చేతులూ ముందుకు చాపింది.

"మరువం తుంచిన వేళ్లని వాసన ఒక పూటంతా వదలదు ప్రభూ. నా చేతులు చూడమనండి."

మంత్రి వంగి వాసన చూసి, గబుక్కున ముక్కు మూసుకున్నాడు. పేడ ఎరువు!

"ఇప్పుడు భట్టుగారివి."

భట్టు చేతులు ఉత్తరీయంలో దాక్కున్నాయి. మంత్రి బయటికి లాగితే సభంతా గుప్పుమంది. చెవి వెనక రెమ్మ కూడా ఉంది పాపం.

"స్వామి దర్శనానికి పోతూ... కళ్లకద్దుకుందామని... ఒక్కటే..." నసిగాడు భట్టు. అటు సేనాపతి మెల్లగా చేతులు వెనక్కి కట్టుకున్నాడు. పురోహితుడు పైకప్పు చూస్తున్నాడు.

రాజు పగలబడి నవ్వాడు. "దొరికారు దొంగలు! ఇంకా ఎవరైనా ఉన్నారా?"

"ఇంకొక్క జత చేతులున్నాయి ప్రభూ. అంత ఎత్తుకి నా ముక్కు అందదు."

రాజు తన వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నవ్వు ఆగిపోయింది.

"ఏం మాయ చేశావే?"

"మొక్కని ముట్టుకుంటే ఒట్టు! రోజూ గుడిగంట మోగే వేళకి నీళ్లు చల్లాను, అంతే. తడిసిన మరువం ఘుమఘుమలాడుతుంటే దర్శనానికి పోయేవాళ్ల చెయ్యి ఊరుకుంటుందా? తలో రెమ్మా మీరే తుంచి పెంచారు. ఇక ఆజ్ఞ ప్రకారం అందరూ బయలుదేరండి," అంది బుచ్చెమ్మ.

"ఊళ్లో నేనూ స్వామీ మిగులుతాం. ఆయన నైవేద్యం సంగతి నేను చూసుకుంటాలెండి!"

ముందు నవ్వింది రాజే. ఆ వెనక సభంతా. ఆయన తన పట్టుశాలువా తీసి బుచ్చెమ్మకి ఇచ్చి, "తుంచే అధికారం ఇక నీది. నీళ్లు మోసే పని భట్టుది," అన్నాడు.

"చిత్తం," అన్నాడు భట్టు, ఈసారి తను.