సూరాలు తేనెటీగ, తుమ్మబంక మందు

అనగనగా ఒక అడవి. ఎంత దట్టమంటే, ఆకుల మీద పడ్డ వాన నేలకు దిగేసరికి మరుసటేడు వచ్చేది. అక్కడి ఏనుగుల మందకు పెద్ద దిక్కు మంగాయమ్మ. ఎండాకాలం నీళ్ళుండే ఊటమడుగు దారి ఆమె ఒక్కదానికే తెలుసు.

ఆ ఏడు ఎండాకాలంలో మంగాయమ్మకు మతిమరుపు జబ్బు చేసింది. మడుగు సంగతి దేవుడెరుగు, తన తొండాన్నే చూసి "ఎవరిదే ఈ పాము?" అంది. దాహానికి గున్నలు కూలబడుతున్నాయి.

సూరాలు అనే తేనెటీగకు మందులు తెలుసు. చేసిన పని ఏడు అడవులకు వినబడేలా చెప్పుకోవడమూ తెలుసు.

"చూడండర్రా, నా మందు!" అంటూ మతికి మంచిదని మంగాయమ్మకు సరస్వతాకు ముద్ద తినిపించింది. మందు కడుపులోకి పోయింది, నెత్తుట్లో కలిసి మెదడు గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడి కాపలా లోపలికి రానివ్వలేదు.

"అయితే వాసన వెళ్ళే దారిన పంపుతా. అది ముక్కులోంచి తిన్నగా మెదడుకే!" అని ఆకు పొడి తొండంలో ఊదింది. ముక్కులోని తడి దాన్ని కరిగించి చీమిడితో పాటు కార్చేసింది.

ఈసారి సూరాలు పొడిని పుప్పొడికన్నా మెత్తగా నూరింది. తడికి కారిపోకుండా లోపలే అతుక్కునేలా రేణువు రేణువుకూ తుమ్మబంక పొర చుట్టింది. తొండంలో సగం పెట్టిందో లేదో, నోరు ఆగలేదు.

"చూడండర్రా! తుమ్మబంకమ్మా, తుమ్మ!"

"తుమ్మమంటావా? అలాగేనమ్మా," అని మంగాయమ్మ తుమ్మింది. మూడు మద్దిచెట్లు వేళ్ళతో లేచి పక్క అడవిలో నాటుకున్నాయి. తొండంలోని మందూ పోయింది.

ఇక చిటికెడే మిగిలింది. మళ్ళీ నూరుదామంటే ఆ ఎండకు అడవిలో పచ్చాకు లేదు.

"సూరాలత్తా, అమ్మమ్మకు తగ్గుతుందా?" అంది ఓ గున్న. దాని నాలుక బీటలు వారింది.

"ఏమే సూరాలూ, ఇవాళ డప్పు లేదా?" అంది గోరింక.

సూరాలు గొంతులో మాట మింగేసింది. రెక్క కూడా ఆడించలేదు. నడుచుకుంటూ ఆ చీకటి తొండంలోకి వెళ్ళి, రేణువులన్నీ పై గోడకు అంటించి, వెనక్కి నడిచి వచ్చింది.

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత మంగాయమ్మ చెవులు నిక్కబొడిచి, పడమటికి కదిలింది. మంద కాళ్ళీడ్చుకుంటూ వెంట నడిచింది. రాళ్ళగుట్ట వెనక ఆమె ఒక బండను కాలితో నెట్టింది. కింద నీళ్ళు.

"ఈ దారి నేనెప్పుడైనా మరిచిపోయానా?" అంది మంగాయమ్మ.

గోరింక సూరాలు దగ్గరికి వచ్చి వాలింది. "మరి నీ మందేమైందే?"

గున్న మోకాళ్ళ మీద పడి గటగటా తాగుతోంది. సూరాలు దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"నువ్వూ తాగవే. చల్లగా ఉన్నాయి," అంది గోరింకతో.

నీతి: సాయం లోపలికి చేరాలంటే, సాయం చేశానన్న చప్పుడు బయటే ఆగిపోవాలి.