ఆకు చీల్చే అక్షరాలు

ఒక రాజుగారికి కొత్త లిపులు కనిపెట్టే సరదా ఉండేది. ఈసారి ఈటెలు పరిచినట్టు అన్నీ అడ్డగీతలే.

"గుండ్రటి అక్షరాలకు పౌరుషం లేదు! అందరూ ఇవే రాయాలి. నా పేరున్న తాటాకు చినిగితే, కారకులకు నూరు కొరడా దెబ్బలు!"

తాటాకు మీద అడ్డంగా గీస్తే ఈనె వెంబడి చీలక మానదు. మొదటిరోజే ముప్పై చీలాయి. వ్రాయసగాళ్లు నేరం ఆకులమ్మే నూకాలు మీదికి నెట్టారు. కొరడావాడు ఆమెను రాజు ముందుకు లాక్కొచ్చాడు. ఏలేవాడి తప్పుకు ఎప్పుడూ పేదల వీపే కదా!

"ఆకు మంచిదే దొరా. వీళ్ల చేతులే పిరికివి. తమరు రాసి చూపండి" అంది నూకాలు.

రాజు మీసం మెలేసి గంటంతో తన పేరు గీశాడు. ఆకు పర్రున రెండైంది.

కొరడావాడు అయోమయంగా ఇద్దరినీ చూశాడు.

"నన్ను వంగమంటారా దొరా, తమరే వంగుతారా?" అని అడిగింది నూకాలు.

రాజు రెండు చేతులతో వీపు కప్పుకున్నాడు. "కొరడా దించరా! ఎవరికి వచ్చినట్టు వాళ్లు రాసుకోండి!"